కోడి కూయని ఈస్టరు

ఈ కాలపు కుర్ర మాస్టర్లు అదృష్టవంతులు. మీ బడుల్లో గంట కొట్టడానికి ఒక ప్యూను, ఆ ప్యూను చూసుకోవడానికి ఒక గడియారం, ఆ గడియారం తప్పు నడిస్తే కేకలేయడానికి ఒక హెడ్మాస్టరు ఉన్నారు. మా రోజుల్లో ఆ మూడూ ఒకే మనిషి. ఆయన కింద నేను డ్రిల్లు మాస్టరుగా చేరాను. నన్ను రిటైరు చేసి ఇంటికి పంపిన తరువాత కూడా అద్దంలో చూసుకుంటే నడివయసువాడిలాగే కనిపిస్తాను. అద్దం పాతదనుకోండి, అది వేరే సంగతి.

మద్రాసు దొరతనం నాటి మాట. మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. మా బడి నుంచి జిల్లా ఆఫీసుకు ఒక అర్జీ పోయి జవాబు వచ్చేలోగా రాసినవాడికి మనుమలు పుట్టేవారు. తర్లుపాడు పోయే బాట పక్కన మా మిషను కాంపౌండు. బాటకు ఇటు మగపిల్లల బడి, అటు ఆడపిల్లల బడి, వెనక మా క్రైస్తవుల పల్లె. పల్లె దాటితే పలకల గని, గని దాటితే సమాధుల తోట. తోట అని పేరే కానీ అక్కడ మొలిచేవి తుమ్మచెట్లూ పల్లేరుకాయలూను. చెప్పుల్లేకుండా ఆ తోటలో నడిచినవాడు బ్రతికుండగానే సగం మోక్షం చూసేవాడు.

మా హెడ్మాస్టరు గారిది చాలా పెద్ద గొంతు. ఆయన కేకేస్తే తర్లుపాడు స్టేషనులో రైలు ఆగుతుందని పిల్లలు చెప్పుకునేవారు. రైలు అక్కడ ఎలాగూ ఆగుతుంది. కానీ ఆ మాటను ఆయన ఎన్నడూ ఖండించలేదు. ఆయనకు నియమాలంటే ప్రాణం. బడి గోడ నిండా నియమాలు రాయించారు. గోడ మీద ఎవరూ రాయకూడదన్న నియమం ఒకటి తోచేసరికి, రాయడానికి గోడ మిగల్లేదు.

అటువైపు బడికి పెద్ద పంతులమ్మ ఉండేది. సన్నటి మనిషి, చిన్న వయసులోనే భర్త పోయినాడు, మాట బహు తక్కువ. ఆమె బడిలో ఉన్న నియమం ఒకటే: చెప్పిన మాట చెయ్యాలి, ముందు చెప్పినవాళ్ళు చెయ్యాలి. మా హెడ్మాస్టరు గారికి ఇంత చిన్న చట్టంతో ఒక బడి నడుస్తుందంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

ఇక ఈస్టరు సంగతి. ఈస్టరంటే మీకు కొత్త చొక్కా, కోడికూర. మాకూ అంతే, అబద్ధమెందుకు. అయితే ఆ రెంటికీ ముందు ఒక పని ఉండేది. తెల్లవారకముందే రెండు బళ్ళూ దీపాలు పట్టుకొని సమాధుల తోటకు పోవాలి. ఆ ఏడాది అందరికన్నా చివర పోయినవాళ్ళ సమాధి ఏదో చూసి, దాని దగ్గర నిలబడి "లేచినాడు" అని మొదటి కేక వెయ్యాలి. "నిజంగా లేచినాడు" అని తక్కినవాళ్ళు బదులు చెప్పాలి. ఆ తరువాతే గుడి, పాటలు, ప్రసంగం. దుఃఖం ఎక్కడ పచ్చిగా ఉందో మంచి కబురు అక్కడికి ముందు చేరాలని ఎవరో పెద్దలు పెట్టిన ఆచారమట. ఆ పెద్దలు మంచివాళ్ళు. వాళ్ళ తరువాత పుట్టినవాళ్ళం మేము. తోటకు ఏ బడి ముందు చేరితే మొదటి కేక ఆ బడిదని మేము దానికి తోక తగిలించాం. దాంతో పునరుత్థానం కాస్తా పరుగుపందెం అయింది.

పందెమన్నాక మా బడి ఓడిపోదు. ఓడిపోకుండా చూడటానికే నాకు జీతం. ఒక ఏడాది ఆడపిల్లల కన్నా కాస్త ముందు బయలుదేరాం. మరుసటి ఏడు వాళ్ళు ఇంకాస్త ముందు లేచారు. ఆ పై ఏడు మేము ఎంత ముందు పోయామంటే, తోటకు చేరేసరికి నడినెత్తిన చంద్రుడున్నాడు. తెల్లవారుతుందని కూచుని కూచుని, దీపాల్లో ఆముదం అయిపోయి, అందరం ఇళ్ళకొచ్చి పడుకున్నాం. లేచేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ ఏడాది మా ఊళ్ళో క్రీస్తు ఒక్కడే వేళకు లేచినాడు.

దీనికి మందుగా హెడ్మాస్టరు గారు ఒక నియమం పెట్టారు. కోడి కూసేదాకా ఏ బడివాళ్ళూ గడప దాటకూడదు. గడియారం పెడదామంటే కాంపౌండులో ఉన్నది ఆయన జేబుగడియారం ఒక్కటే. దాని ముల్లు ఆయన బొటనవేలి మాట వింటుందని అటువైపు బడివాళ్ళకు అనుమానం. కోడిని ఎవరూ తిప్పలేరు గదా. క్రీస్తును ఎరగనని బొంకిన పేతురు కోడి కూత విన్నాకే గదా బుద్ధి తెచ్చుకొని ఏడ్చింది, అంతటివాడు విన్న గడియారం మనకు చాలదా అని హెడ్మాస్టరు గారు అన్నారు. పెద్ద పంతులమ్మ సరేనంది. ఒకటి రెండేళ్ళు అది బాగానే నడిచింది. కోడి కూయడం, మేము లేళ్ళలాగా ఉరకడం, ఆడపిల్లలు పావడాలు ఎత్తిపట్టుకొని వెనక రావడం, మొదటి కేక మాదే కావడం.

నేను చెప్పబోయే ఏడాది మాఘమాసంలో, ఆడపిల్లల బడిలో అయిదో తరగతి చదివే పిల్ల జ్వరంతో పోయింది. వాళ్ళమ్మ పలకల గనిలో కూలికి పోయే మనిషి. రాతిపొరలు చీల్చి చీల్చి ఆమె చేతులు కూడా పలకల్లాగే ఉండేవి. ఒక్కతే బిడ్డ. సమాధికి రాయి నిలపలేక, ఆ పిల్ల రాసుకున్న పలకనే తలాపున పాతారు. తోటి పిల్లలు మేకుతో దాని మీద పేరు గీశారు. తల్లికి ఆ అక్షరాలు చదవను రాదు. కానీ వేలితో తడిమి, ఇది మా పిల్ల పేరు అని వచ్చేపోయేవాళ్ళకు చూపేది. ఆ తరువాత పల్లెలో ఎవరూ పోలేదు. ఈస్టరుకు చివరి సమాధి అదే.

పండుగ ముందర రెండు బళ్ళ మాస్టర్లం కూచున్నప్పుడు, ఎన్నడూ ఏదీ అడగని పెద్ద పంతులమ్మ ఒకటి అడిగింది. ఈ ఏడు పందెం వద్దు, ఆ పిల్ల మా బడి పిల్ల, మొదటి కేక మమ్మల్ని వెయ్యనియ్యండి, తెల్లారకముందే మేమొస్తామని వాళ్ళమ్మకు నేను మాటిచ్చినాను, అంది.

హెడ్మాస్టరు గారు మీసం దువ్వుకున్నారు. ఆ మీసాన్ని గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. ఒకరి కోసం నియమం సడలిస్తే రేపు ఊరంతా సడలించమంటారని చెప్పి, పక్కనున్న మా అందరి నవ్వుల కోసం ఇంకో మాట కూడా అన్నారు.

"పెట్ట కూస్తే తెల్లవారుతుందా చెల్లెమ్మా?"

మేము నవ్వాం. కింది ఉద్యోగులకు నవ్వు కూడా డ్యూటీయే. ఆమె మాత్రం పైట సవరించుకొని లేచి పోయింది.

ఆ ఏడాదే మిషను దొర గారు మా పండుగకు వస్తున్నారని తెలిసింది. దొర ముందు మన సంఘం భక్తి కనపడాలి గదా. హెడ్మాస్టరు గారు గోడ మీద చోటు చేసి కొత్త నియమం రాయించారు. ఆదివారం ప్రభువు దినం, ఆనాడు ఎవరూ కత్తి పట్టకూడదు, పండుగ కోళ్ళను శనివారం సాయంత్రమే కోసెయ్యాలి. అంతకుముందు ప్రతి ఏడాదీ గుడి అయినాక కోసుకునేవాళ్ళం. ఈ పని దగ్గరుండి చేయించే భారం డ్రిల్లు మాస్టరు మీద పడింది.

నేను చేయించాను. ఎంత శ్రద్ధగా చేయించానంటే, ఇల్లిల్లూ తిరిగి, గంపల కింద దాచినవీ, అటక మీదికి ఎగిరినవీ, పెండ్లికని పెంచుకుంటున్నవీ, ఏ పుంజునూ వదలలేదు. ఆ సాయంత్రం ఎగిరిన ఈకలు చూసి ఎక్కడో ఉన్న కొమరోలు వాళ్ళు ఇక్కడ పత్తి పండిందనుకున్నారని చెబితే మీరు నమ్మరు. నమ్మవద్దు. కానీ ఉప్పూ పసుపూ పట్టించిన కోళ్ళతో ప్రతి ఇంటి చట్టీ నిండింది. పెట్టల్ని గుడ్ల కోసం ఉంచుకున్నారు. బడి, బోర్డింగు, పల్లె, పాదిరి గారిల్లు, ఇంతమందిమి ఉన్నాం. వేదం కంఠతా వచ్చినవాళ్ళం ఉన్నాం. ఒక్క బుర్రకూ ఏమీ తోచలేదు. చట్టి మూతలు వేసి, చేతులు కడుక్కొని, కోడి కూతకు లేద్దామని నిశ్చింతగా పడుకున్నాం.

అయితే పండుగ ఆత్రం మనిషిని పడుకోనివ్వదు. చీకటుండగానే లేచి, మా బడి హాల్లో చేరాం. మగపిల్లలు తెల్ల చొక్కాలతో వరుసగా నిలబడ్డారు. ముందు కుర్చీలో దొర గారు, పక్కన హెడ్మాస్టరు గారు, ఆ పక్కన పాదిరి గారు, వెనక సంఘ పెద్దలు. గడప దగ్గర నేను, ఒక కాలు లోపల, ఒక కాలు గాల్లో, కోడి నోరు తెరిస్తే దూకడానికి సిద్ధంగా. నా జీవితంలో అంత అందంగా నేనెప్పుడూ నిలబడలేదు.

కోడి కూయలేదు.

కాసేపటికి గాల్లో ఉన్న నా కాలు తిమ్మిరెక్కింది. పిల్లల కొవ్వొత్తులు కరిగి చేతుల మీద కారుతున్నాయి. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిలువునా నిద్రపోతున్నారు. ఏమి ఆలస్యము అని దొర గారు తన పుస్తకాల తెలుగులో అడిగారు. మా సంఘం మౌన ప్రార్థనలో ఉందని హెడ్మాస్టరు గారు ఇంగ్లీషులో చెప్పారు. దొర గారు చాలా సంతోషపడి, ఇలాంటి భక్తి తమ దేశంలో కూడా లేదని, కళ్ళు మూసుకున్నారు. కాస్సేపటికి ఆ భక్తి గురకలోకి దిగింది.

తూర్పున చీకటి పలచబడుతోంది. అప్పుడు బాట దాటి లాంతరు ఒకటి వచ్చింది. లాంతరు వెనక పెద్ద పంతులమ్మ. ఆమె వెనక ఆడపిల్లలంతా, చేతుల్లో ఆముదపు ప్రమిదలతో. మా గడపకు అవతలే నిలబడి, ఇంకాసేపుంటే పొద్దు పొడుస్తుంది, ఆ తల్లి అక్కడ ఒక్కతే కూచునుంటుంది, పోదాం పదండి అంది. హెడ్మాస్టరు గారు వేలు పెదవుల మీద పెట్టుకొని, కోడి ఇంకా కూయలేదని సైగ చేశారు.

ఆమె ఒక నిమిషం ఆయన ముఖం చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నట్టుంది. కాదని తెలిసి, నిదానంగా అంది.

"కోడి యాడుందన్నయ్యా, కూసేదానికి? చట్టిలో ఉంది."

దొర గారు గురక పెడుతూనే ఉన్నారు. ఆ మాట ఒక్కొక్క పెద్దమనిషి ముఖం మీదికి ఎక్కడం నేను కళ్ళారా చూశాను. పాదిరి గారు తన చేతులు వాసన చూసుకున్నారు, పసుపు ఇంకా పోలేదు. నా కాలు దానంతటది నేల మీదికి దిగింది. తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ చెప్పుకొని తరతరాలుగా నవ్వుతున్నాం. ఆ ముసలమ్మ నయం. తన కోడిని కోసుకొని తెల్లవారడం కోసం కూచోలేదు.

ఇంకొకరైతే అక్కడితో నవ్వేసి లేచేవారు. మా హెడ్మాస్టరు గారు అలాంటి చిన్న మనిషి కాదు. నియమంలో కోడి కూసినాక అని ఉంది గానీ, కోడి ఉంటే అని లేదు. కనుక నియమం అలాగే ఉంది అన్నారు. అంతలోకి దైవికంగా, వాగవతల గొల్లల దొడ్ల నుంచి సన్నగా ఒక కోడి కూత వినిపించింది. గొర్రెల మందల మధ్య ఉండే ఏదో ఒంటి పుంజు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. నా కాలు మళ్ళీ గాల్లోకి లేచింది.

"ఆగండి" అన్నారు హెడ్మాస్టరు గారు. "అది మన కోడి కాదు."

కోడి కోడే గదా సార్ అని పాదిరి గారు మెల్లగా అన్నారు. సంఘ పెద్దల్లో ఒకాయన, ఆ కోడి నిరుడు జాతరలో మొక్కుబడికి ఉంచిన కోడి అయ్యుంటే దాని కూత మనకు చెల్లదన్నాడు. ఇంకో పెద్దమనిషికి కోపమొచ్చింది.

"పేతురు విన్న కోడి ఏ సంఘానిది? ప్రధాన యాజకుని ఇంటి కోడి. మనది కాదు గదా?"

"అందుకే పేతురు ఏడ్చినాడు" అన్నారు హెడ్మాస్టరు గారు.

అంతటి జవాబుకు నేను ఈనాటికీ నమస్కారం పెడతాను. తీర్మానం చెయ్యాల్సిందేనని పెద్దలు వరుసగా కూచున్నారు. ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు, ఒకరు సవరణ తెచ్చారు. ఈ గొడవలో గడప వైపు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. లాంతరు లేదు. ప్రమిదల వరుస పల్లె దాటి, గని మలుపు తిరుగుతోంది. కోడి కూయకుండానే ఆడవాళ్ళు బయలుదేరి పోయినారు.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. పోయి ఆపు, దొర లేచేలోపల వెనక్కి తీసుకురా, రాకపోతే ఆ పంతులమ్మ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా అన్నారు. నేను పరుగెత్తాను. డ్రిల్లు మాస్టర్లకు తెలిసిన విద్య ఒకటుంది. కాళ్ళు బాగా ఎత్తి ఎత్తి వేస్తూ, చేతులు గట్టిగా ఊపుతూ, వెనక నుంచి చూసేవాళ్ళకు గుర్రంలా కనిపిస్తూ, ఉన్నచోటు నుంచి పెద్దగా కదలకపోవడం. ఆ విద్యనంతా ఆ తెల్లవారుజామున ఖర్చు పెట్టాను. నేను తోట చేరేసరికి వాళ్ళు చేరిపోయి ఉండాలి. చేరిపోయినారు.

తల్లి అక్కడే ఉంది. ఎప్పుడొచ్చిందో, పలక చుట్టూ ఉన్న పల్లేరు ముళ్ళన్నీ ఏరి కుప్ప పోసింది. చిన్న పిల్లలు నడుస్తారని. ఆడపిల్లలు చుట్టూ ప్రమిదలు పెట్టారు. పెద్ద పంతులమ్మ కేక వెయ్యడానికి నోరు తెరిచి, ఎందుకో మూసేసింది. తల్లి వైపు తిరిగి, నువ్వే చెప్పమ్మా అంది. నాకు రాదమ్మా, నేనెప్పుడూ గుళ్ళో నోరు తెరిచినదాన్ని కాదు అని ఆమె వెనక్కి జరిగింది. పంతులమ్మ పక్కకు జరిగి, పలక దగ్గర ఆమెకు చోటు చేసింది.

ఆ తల్లి కేక వెయ్యలేదు. కూచుని, పలక మీద చెయ్యి వేసి, బడికి వేళయిందని రోజూ లేపినట్టే, మామూలు గొంతుతో అంది.

"లెయ్యి తల్లీ. ఆయన లేచినాడంట. తెల్లారింది."

నిజంగా లేచినాడు అని ఆడపిల్లలు అన్నారు. నేను వాళ్ళను ఆపడానికి వచ్చినవాణ్ణి. నా కళ్ళల్లో ఏదో పల్లేరు ముల్లు గుచ్చుకుంది.

తిరిగి వచ్చేసరికి కొండ మీద పొద్దు కనపడుతోంది. హాల్లో సవరణకు సవరణ నడుస్తోంది. ఆడవాళ్ళు ఈసారి గడప బయట నిలబడలేదు, లోపలికే వచ్చారు. ముందు ఆ తల్లి, మోకాళ్ళకు మన్నుతో. లేచినాడు అన్నారు అందరూ ఒక్కసారిగా. హెడ్మాస్టరు గారు లేచి నిలబడి, ఎర్రబడిన ముఖంతో, ఆ హాలు ఉన్నంతకాలం నిలిచే మాట ఒకటి అన్నారు.

"కోడి కూయందే ఎట్ల లేస్తాడు?"

ఆడవాళ్ళు తెచ్చిన కబురు మొదటి ఈస్టరు నాడు కూడా మగవాళ్ళకు వెర్రిమాటల్లాగానే వినిపించిందని సువార్తలో ఉంది. దాన్ని మా హెడ్మాస్టరు గారు ప్రతి ఏడాదీ చదివి వినిపించేవారు. అయితే ఆయనకు జవాబు చెప్పే అవకాశం ఎవరికీ రాలేదు. ఆ కేకకు దొర గారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. ఎదురుగా తెల్ల బట్టల పిల్లలు, దీపాలు, ఎండ. ప్రార్థన ముగిసిందనుకొని రెండు చేతులూ ఎత్తి, "నిజముగా లేచెను" అన్నారు. దొర అన్నాక పాదిరి గారు అన్నారు. పాదిరి గారు అన్నాక పెద్దలు అన్నారు. అందరి మధ్యా నిలబడి ఉన్న హెడ్మాస్టరు గారి నోరు కూడా, అలవాటు కొద్దీ, ఆయన ప్రమేయం లేకుండా అనేసింది. తీర్మానం ఏమయిందో నాకు తెలియదు. బలపరిచినవాడు అప్పటికే కోడికూర తాలింపు వాసన పట్టుకొని ఇంటికి పోయినాడు.

పంతులమ్మ ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం విందులో దొర గారు ఆమెను పక్కన కూచోబెట్టుకొని, ఉదయపు మౌన ప్రార్థన ఏర్పాటు మీదేనా అని మెచ్చుకున్నారు. కాదని ఆమె, అవునని హెడ్మాస్టరు గారు ఒకేసారి అన్నారు. అబద్ధం ఆడి మరీ ఆయన ఆమెకు గొప్ప ఇవ్వడం మేము మొదటిసారి చూశాం. ఆయన ముందున్న కోడి ముక్కను మాత్రం ఆయన ముట్టలేదు, అది నా విస్తట్లోకి వచ్చింది. కూర మహా బాగుంది.

మరుసటి ఏటి నుంచి నియమం మారింది. పాతది చెరపడానికి ఆయనే సున్నం తెప్పించారు. ఆడవాళ్ళు వాళ్ళకు తోచినప్పుడు పోతారు, చివరి సమాధి దగ్గర ఆ ఇంటివాళ్ళు మొదటి మాట అంటారు, మగవాళ్ళు కోడి కూసినాక లేచి వెనక పోతారు. దాని కోసం ప్రతి ఈస్టరుకూ పల్లెలో ఒక పుంజును కోయకుండా ఉంచేవారు. దాన్ని హెడ్మాస్టరు గారి కోడి అనేవారు. ఆయన వినేలాగా కూడా అనేవారు. ఆయన విని, గంభీరంగా, దానికి నూకలు పంపేవారు.

చాలా ఏళ్ళకు, ఒక చలికాలం ఆయనే పోయినారు. పిల్లల్లేరు, భార్య అంతకుముందే పోయింది. ఆ ఈస్టరుకు చివరి సమాధి ఆయనదే. మాట అనడానికి ఆ ఇంటివాళ్ళు ఎవరూ లేరు. అప్పటికి పెద్ద పంతులమ్మ నడుము వంగింది, చూపు మందగించింది. లాంతరు నేను పట్టుకున్నాను. గని మలుపు తిరిగి తోటకు చేరేసరికి ఇంకా మసకగానే ఉంది. పల్లె వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె సమాధి పక్కన మెల్లగా కూచుంది. రాయి మీద చెయ్యి వేసింది.

"లెయ్యి అన్నయ్యా, తెల్లారింది. కోడి ఇంకా కూయలా."

ఆయన మారు మాట్లాడలేదు. ఆమెతో వాదనలో ఆయన ఊరుకోవడం నేను చూసింది అదొక్కసారే.